ఒక్క ఓటుతో పడిన ప్రభుత్వము
ఆంధ్రకేసరి ప్రకాశం పంతులుగారి జీవితము – 1955 మధ్యంతర ఎన్నికలు

ప్రజాప్రభుత్వములో అధికారము చేతులు మారుటకు యుద్ధముతో పనిలేదు. సభలో కూర్చున్నవారిలో ఒక్కరు ఇటునుండి అటు చేరిన చాలును. 1954 నవంబరు 6వ తేదీన కర్నూలులో ఆంధ్ర శాసనసభ యందు జరిగినది అదియే. పదమూడు నెలల ప్రాయము గల ఆంధ్ర రాష్ట్రపు మొదటి మంత్రివర్గము ఒక్క ఓటు తేడాతో ఓడిపోయెను. ఆ మంత్రివర్గమునకు నాయకుడు ఆంధ్రకేసరి టంగుటూరి ప్రకాశం పంతులుగారు. అప్పటికి ఆయన వయస్సు 82 సంవత్సరములు. పిమ్మట వచ్చిన మధ్యంతర ఎన్నికలు యావద్భారతము దృష్టిని ఆంధ్రదేశమువైపు మరల్చినవి. ఆ ఓటు ఎట్లు వచ్చినదో తెలియవలెనన్నచో ఆ మనుష్యుని జీవితమును మొదటినుండి చూడవలెను.

బాల్యము

ప్రకాశముగారు 1872 ఆగస్టు 23వ తేదీన ఒంగోలు ప్రాంతమునందలి వినోదరాయునిపాలెములో జన్మించిరి. తండ్రి గోపాలకృష్ణయ్యగారు, తల్లి సుబ్బమ్మగారు. పదునొకండవ యేట తండ్రి గతించెను. బిడ్డలను పోషించుటకు సుబ్బమ్మగారు ఒంగోలులో పూటకూళ్ళ యిల్లు పెట్టుకొనిరి. నలుగురికి వండి వడ్డించి బ్రతుకుట ఆనాటి సంఘములో గౌరవముగా ఎంచబడు పని కాదు. అయినను ఆ తల్లి వెనుదీయలేదు. కుమారుని పరీక్షకు రుసుము చెల్లించుటకు ఆమె తన పట్టుచీరను కుదువపెట్టవలసి వచ్చెను.

బాలుడు చదువులో చురుకైనవాడే కాని అల్లరిలోను అంతే చురుకైనవాడు. నాటకములలో వేషములు కట్టుట, వీథి తగవులలో తలదూర్చుట ఆతనికి నిత్యకృత్యములు. అట్టివాని యందు యోగ్యతను కనిపెట్టి చేరదీసినవారు ఇమ్మానేని హనుమంతరావు నాయుడుగారను ఉపాధ్యాయుడు. ఆయన రాజమహేంద్రవరమునకు మారినప్పుడు శిష్యుని వెంట తీసికొనిపోయి చదివించిరి. ఒక ఉపాధ్యాయుని ఆదరణ లేకున్నచో ఆ బాలుడు ఒంగోలు వీథులలోనే మిగిలిపోయి యుండెడివాడేమో! ఆంధ్రదేశ చరిత్రలో ఒక ప్రముఖ జీవితమునకు దారి చూపినది ఒక బడిపంతులు అను సంగతి మరువరానిది.

న్యాయవాది, పత్రికాధిపతి

మదరాసులో న్యాయశాస్త్రము చదివి ప్రకాశముగారు రాజమహేంద్రవరములో ప్లీడరుగా కుదురుకొనిరి. ముప్పది యేండ్లు దాటీదాటక మునుపే పురపాలక సంఘమునకు అధ్యక్షులైరి. ఎన్నికల రుచిని, ఎన్నికల వైరములను ఆయన అక్కడనే మొదట చవిచూచిరి. 1904లో బారిష్టరు చదువునకై ఇంగ్లండు వెళ్ళిరి. అచట దాదాభాయి నౌరోజీగారిని పార్లమెంటునకు ఎన్నుకొనవలెనని పనిచేసిరి. 1907లో మరలివచ్చి మదరాసు హైకోర్టులో న్యాయవాద వృత్తి నారంభించి, కొలది కాలములోనే పేరును, విస్తారమైన ధనమును సంపాదించిరి. లా టైమ్సు అను న్యాయశాస్త్ర పత్రికకు సంపాదకులుగా కూడ ఉండిరి.

గాంధీ మహాత్ముని సహాయనిరాకరణ పిలుపు వచ్చినప్పుడు ఆయన ఆ వృత్తిని ఒక్కమారుగా వదలివేసిరి. 1921 అక్టోబరులో స్వరాజ్య పత్రికను ప్రారంభించిరి. అది ఇంగ్లీషులోనే గాక తెలుగు, అరవ భాషలలో కూడ వెలువడెను. ఖాసా సుబ్బారావుగారివంటి పత్రికా రచయితలు అందు పనిచేసిరి. దేశమునకు వార్తలను, ధైర్యమును పంచిన ఆ పత్రిక తన యజమానికి మాత్రము అప్పులనే మిగిల్చినది. బారిష్టరుగా గడించిన ఆస్తి యంతయు దానికే అర్పితమైపోయెను. 1930 దశకపు నడిమి కాలమున పత్రిక మూతపడునాటికి ప్రకాశముగారు తిరిగి బీదవారైరి. పూటకూళ్ళ యింట మొదలైన జీవితము ధనమును చూచి, దానిని దాటి, మరల లేమిలోనికి వచ్చెను. ఈ లేమి ఆయన తెలిసి తెచ్చుకొన్నది.

1928 ఫిబ్రవరి 3వ తేదీన సైమను సంఘము రాకకు నిరసనగా మదరాసులో హర్తాళము జరిగెను. హైకోర్టు సమీపమున పోలీసులు కాల్పులు జరుపగా ఒక యువకుడు మరణించెను. ఆ మృతదేహమును చూడబోయిన ప్రకాశముగారిని తుపాకులు అడ్డగించినవి. ఆయన చొక్కా విప్పి రొమ్ము చూపి నిలువగా తుపాకులు దిగినవి. నాటినుండి ప్రజలు ఆయనను ఆంధ్రకేసరి అని పిలువసాగిరి. ఈ కథను ప్రతి బడిలోను చెప్పుదురు. అయితే ఆయన జీవితములో ధైర్యము అవసరమైన ఘట్టము ఇదియొక్కటే కాదు. తుపాకీ ఎదుట నిలుచుటకు ఒక్క క్షణపు సాహసము చాలును. అధికారములో కూర్చుండి, చుట్టునున్న హితులందరు వద్దన్న మాటపై నిలుచుటకు వేరొక తీరు సాహసము కావలెను. అది మంచిదా, చెడ్డదా అను ప్రశ్నయే ఆయన తరువాతి జీవితమంతటికి మూలము.

రెండుమార్లు అధికారము

1937లో మదరాసు రాష్ట్రమున రాజగోపాలాచారిగారి నాయకత్వమున కాంగ్రెసు మంత్రివర్గము ఏర్పడగా ప్రకాశముగారు రెవిన్యూ మంత్రి అయిరి. జమీందారీల పరిశీలనకు ఏర్పడిన సంఘమునకు ఆయనయే అధ్యక్షులు. ఎస్టేటులలోని రైతుల సాక్ష్యములను సేకరించి, భూమిపై హక్కు దున్నువానిదే గాని శిస్తు వసూలు చేయువానిది కాదని ఆ సంఘము నిర్ణయించెను. 1939లో యుద్ధము రాగా మంత్రివర్గము రాజీనామా చేసినందున చట్టము చేయుటకు వీలు కలుగలేదు. కాని 1948లో మదరాసు శాసనసభ జమీందారీలను రద్దు చేయునప్పటికి ఆ వాదమునకు బలము చేకూర్చినది ఆ నివేదికయే.

ఆ మంత్రివర్గపు కాలముననే మద్యనిషేధము మదరాసు రాష్ట్రములో అడుగుపెట్టెను. 1937లో సేలము జిల్లాలో మొదలై, అటుపిమ్మట తెలుగు జిల్లాలలో చిత్తూరు, కడపలకు వ్యాపించెను. కల్లు, సారాలపై వచ్చు ఆబ్కారీ ఆదాయము పోవుటచే బొక్కసమునకు కలిగిన లోటును పూరించుటకు 1939లో అమ్మకపు పన్ను విధింపబడెను. త్రాగువానినుండి వచ్చెడి ధనమును కొనువారందరినుండి రాబట్టుట న్యాయమా అను వాదము ఆనాడే బయలుదేరినది. 1948 అక్టోబరు 2వ తేదీనుండి నిషేధము రాష్ట్రమంతటికిని వర్తించెను.

జైళ్ళనుండి 1945లో విడుదలయిన పిమ్మట, 1946 ఏప్రిల్ 30వ తేదీన ప్రకాశముగారు మదరాసు ప్రధానమంత్రి అయిరి. ఖాదీ, గ్రామపరిశ్రమలు వర్ధిల్లవలెనన్నచో క్రొత్త బట్టలమిల్లులు రాకూడదని ఆయన పట్టుపట్టిరి. ఫిర్కా అభివృద్ధి పథకమును ఆరంభించిరి. మిల్లులు వద్దను విధానము పారిశ్రామికులకే గాక స్వపక్షములో పలువురికి నచ్చలేదు. పక్షములోని ముఠా తగవులు దానికి తోడైనవి. 1947 మార్చిలో ఆయన పదవి పోయి, ఓమండూరు రామస్వామి రెడ్డియారుగారు ఆ స్థానమునకు వచ్చిరి. పదునొకండు నెలల పాలన అంతటితో ముగిసెను. తమకు సత్యమని తోచిన విధానమును పట్టుకొని, పక్షమును వెంట నడిపించుకొనలేక పదవి పోగొట్టుకొనుట ఇదియే మొదటిసారి. అదియే కడపటిసారి కాలేదు.

కొంతకాలమునకు ఆయన కాంగ్రెసును వీడి ప్రజాపార్టీని నెలకొల్పిరి. 1952 సాధారణ ఎన్నికలలో మదరాసు శాసనసభలోని 375 స్థానములకు గాను కాంగ్రెసునకు 152 మాత్రమే దక్కినవి. ఆంధ్ర ప్రాంతపు 140 స్థానములలో కాంగ్రెసునకు 40, కమ్యూనిస్టులకు 41 వచ్చినవి. కాంగ్రెసేతర పక్షములు ఐక్యసంఘటనగా కూడి ప్రకాశముగారిని నాయకునిగా ఎన్నుకొన్నవి. అయినను గవర్నరు రాజగోపాలాచారిగారిని పిలిచి మంత్రివర్గము ఏర్పాటు చేయుమనెను. ప్రకాశముగారికి అధికారము అందినట్లే అంది జారిపోయెను.

క్రొత్త రాష్ట్రము

పొట్టి శ్రీరాములుగారు 1952 అక్టోబరు 19న నిరాహారదీక్ష పూని డిసెంబరు 15న అసువులు బాసిరి. తరువాత నాలుగు దినములకు ఆంధ్ర రాష్ట్రము ఏర్పడునని నెహ్రూగారు ప్రకటించిరి. మదరాసు నగరము ఆంధ్రులకు చెందవలెనని ప్రకాశముగారు కడదాక పోరాడిరి కాని అది సాధ్యపడలేదు. 1953 అక్టోబరు 1వ తేదీన కర్నూలు రాజధానిగా రాష్ట్రము అవతరించెను.

ముఖ్యమంత్రి ఎవరు కావలెను? సభలోని 140 మందిలో ఏ పక్షమునకును మెజారిటీ లేదు. కమ్యూనిస్టులను దూరముగా ఉంచవలెనన్నచో కాంగ్రెసునకు ఇతరుల తోడు కావలెను. ప్రజల హృదయములో ప్రకాశముగారికి ఉన్న స్థానము మరియొకరికి లేదు. ఆయన తన పక్షమును విడిచివచ్చి కాంగ్రెసు మద్దతుతో ముఖ్యమంత్రి అయిరి. నీలం సంజీవరెడ్డిగారు ఉపముఖ్యమంత్రి, తెన్నేటి విశ్వనాథముగారు ఆర్థికమంత్రి. ఇట్లు ఆ మంత్రివర్గము పుట్టుకతోనే బలహీనమైనది. నాయకుడు ఒక పక్షము, బలగము మరియొక పక్షము. అందు ఏ ఇద్దరు ముగ్గురు అలిగినను ప్రభుత్వము నిలువదు.

కర్నూలులో కచేరీలు డేరాలలో నడిచినవి. ఆ స్థితిలోనే కొన్ని గట్టి పనులు జరిగినవి. 1954లో గుంటూరులో హైకోర్టు, తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయము వెలసినవి. విజయవాడవద్ద కృష్ణపై పందొమ్మిదవ శతాబ్దిలో కట్టిన ఆనకట్ట 1952లో తెగిపోగా, దాని స్థానములో నూతన బ్యారేజి పని మొదలయ్యెను. 1957లో పూర్తియైన ఆ బ్యారేజి నేటికిని ఆయన పేరుతోనే ప్రసిద్ధము.

మద్యనిషేధ వివాదము

మంత్రివర్గమును కూల్చినది కల్లుకుండ. పేరునకు నిషేధము అమలులో ఉండెను. పల్లెలలో దొంగసారా కాగుచుండెను. పట్టుకొనువారు, పట్టుబడువారు కలిసి పంచుకొనుచున్నారని జనులు బాహాటముగా చెప్పుకొనుచుండిరి. తాడిచెట్టును, ఈతచెట్టును నమ్ముకొని బ్రతికిన గీతపనివారి కుటుంబములు వృత్తి పోయి అల్లాడుచుండెను. గౌతు లచ్చన్నగారు వారి పక్షమున ఉద్యమము సాగించిరి. మరియొకవైపు క్రొత్త రాష్ట్రమునకు రాజధాని కట్టవలెను, ఆనకట్టలు కట్టవలెను, ఉపాధ్యాయులకు జీతములీయవలెను. బొక్కసములో ధనము లేదు.

ఈ విషయమును పరిశీలించుటకు అనుభవజ్ఞుడైన ఐ.సి.యస్. ఉద్యోగి యస్.వి. రామమూర్తిగారి అధ్యక్షతన ప్రభుత్వమే ఒక సంఘమును నియమించెను. నిషేధము ఉద్దేశించిన ఫలము నీయలేదనియు, దానిని తొలగించుట మేలనియు ఆ సంఘము సలహా యిచ్చెను. ప్రభుత్వము ఆ సలహాను అమలు జరుపలేదు.

రెండు పక్షములందును బలమైన వాదములున్నవి. అమలు జరుగని చట్టము వలన చట్టముపైననే గౌరవము తరుగునని, వృత్తి పోయినవానికి వేరొక వృత్తి చూపకుండ చెట్టెక్కరాదనుట అన్యాయమని ఒకరి వాదము. కూలివాని చేతిడబ్బు ఇంటికి చేరవలెనన్నచో దుకాణము మూయక తప్పదని, ఈ మేలు మొదట తెలియునది ఆ యింటి ఇల్లాలికని, లెక్కల పుస్తకములో అది కనబడదని రెండవవారి వాదము. మద్యనిషేధమునకై ప్రయత్నింపవలెనని రాజ్యాంగములోని 47వ అధికరణము ప్రభుత్వములను ఆదేశించుచున్నది. గాంధీజీ నిర్మాణ కార్యక్రమములో అది ముఖ్యాంగము. ప్రకాశముగారు యావజ్జీవము ఆ కార్యక్రమమునకు కట్టుబడినవారు; కాంగ్రెసువారికిని దానిని ఒక్కసారిగా త్రోసిపుచ్చుట కష్టము.

నిషేధమును సడలించినచో ప్రభుత్వము దక్కెడిదేమో. ఆదాయము పెరుగును, గీతపనివారు శాంతింతురు, సభలో కొన్ని ఓట్లు చేరును. అయినను వెనుకంజ వేయలేదు. సంఘమును తామే నియమించి దాని సలహాను తామే కాదనుటను ప్రతిపక్షము ఆయుధముగా పట్టుకొనెను. కమ్యూనిస్టులు, సోషలిస్టులు, గీతపనివారి పక్షమువారు కలిసి అవిశ్వాసము ప్రకటింపగా ఒక్క ఓటు తేడాతో మంత్రివర్గము పడిపోయెను. వీరిలో ఒకరి సిద్ధాంతము మరియొకరికి పొసగదు. ప్రభుత్వమును దింపుటకు ఏకమైనవారు ప్రభుత్వమును నడుపుటకు ఏకము కాజాలరు. కనుక సభ రద్దయి, నవంబరు 15 నుండి రాష్ట్రపతి పాలన వచ్చెను. 1957 వరకు నడువవలసిన సభకు 1955 ఫిబ్రవరిలోనే ఎన్నికలు నిశ్చయమైనవి.

మధ్యంతర ఎన్నికలు

మద్యనిషేధముపై పడిన ప్రభుత్వమునకు బదులు ఎన్నిక జరుగుచున్నను, ఎన్నికలో ముఖ్య వివాదము అది కాలేదు. ఆంధ్రలో కమ్యూనిస్టు ప్రభుత్వము వచ్చునా రాదా అన్నదే ప్రశ్న అయ్యెను. భారతదేశములో ఒక రాష్ట్రమున ఓట్ల ద్వారా కమ్యూనిస్టులు అధికారమునకు వచ్చుట అంతవరకు లేదు. 1952 ఫలితములు చూచినవారు అది అసాధ్యము కాదనుకొనిరి.

ఈ సందర్భమున కాంగ్రెసు మూడు పనులు చేసెను. ఆచార్య రంగాగారి కృషికార్ లోక్ పార్టీతోను, ప్రకాశముగారి ప్రజాపార్టీతోను కలిసి ఐక్య కాంగ్రెసు సంఘటన నిర్మించెను. యస్.కె. పాటిల్‌గారిని పంపి ఎన్నికల యంత్రాంగమును బిగించెను. అదే జనవరిలో ఆవడి మహాసభలో సోషలిస్టు తరహా సమాజమే తన గమ్యమని తీర్మానించి, భూమి కోరు పేదవాని ఎదుటికి తానును ఒక ఆశతో వచ్చెను. నెహ్రూగారు స్వయముగ ఆంధ్రదేశమున పర్యటించిరి. ఆ తరుణముననే సోవియట్ పత్రిక ప్రావ్దా నెహ్రూగారి విదేశాంగ నీతిని మెచ్చుకొనెను. ఆ మెప్పును కాంగ్రెసువారు ఊరూర చాటిరి. ఇచ్చటి కమ్యూనిస్టులకు బదులు చెప్పుట కష్టమయ్యెను.

ఫలితములు వెలువడగా 196 స్థానములలో కాంగ్రెసునకు 119, కృషికార్ లోక్ పార్టీకి 22, ప్రజాపార్టీకి 5 దక్కినవి. సంఘటన మొత్తము 146. కమ్యూనిస్టులకు వచ్చినవి 15 మాత్రమే.

ఈ లెక్కను విద్యార్థులు కొంచెము శ్రద్ధగా చూడవలెను. కమ్యూనిస్టులకు పోలైన ఓట్లలో నూటికి 31 వంతులు వచ్చినవి, కాంగ్రెసునకు 39. ఓట్లలో తేడా ఎనిమిది వంతులు. స్థానములలో తేడా ఎనిమిది రెట్లకు సమీపము. 1952లో కంటె కమ్యూనిస్టుల ఓట్ల వంతు పెరిగినను స్థానములు తరిగినవి. కారణము సులభము. ఒక స్థానములో నూరు ఓట్లున్నవనుకొందము. ముగ్గురు పోటీచేసి 35, 33, 32 ఓట్లు పంచుకొన్నచో 35 వచ్చినవాడు గెలుచును. తరువాతి ఎన్నికలో మిగిలిన ఇద్దరు ఏకమైనచో, మొదటివానికి 35కు బదులు 40 వచ్చినను ఓటమి తప్పదు. 1955లో జరిగినది ఇదియే. ప్రజాభిప్రాయము మారినదానికంటె అభ్యర్థుల సంఖ్య మారినది. స్థానములను మాత్రమే లెక్కించి ప్రజలందరు ఒక పక్షమును త్రోసిపుచ్చిరనుట తొందరపాటు అగును.

మరియొక విచిత్రము. ప్రకాశముగారి మంత్రివర్గమును ఓడించుటకు నడుము కట్టిన లచ్చన్నగారు, ఓడిన ప్రకాశముగారు ఈ ఎన్నికలో ఒకే సంఘటన నీడలో నిలిచిరి. ఏ ప్రశ్నపై సభ రద్దయినదో ఆ ప్రశ్న ప్రజల ఎదుట సూటిగా నిలువనే లేదు. 1955 మార్చి 28న బెజవాడ గోపాలరెడ్డిగారు ముఖ్యమంత్రి అయిరి. ప్రకాశముగారికి మరల ఆ పీఠము లభింపలేదు.

ఆ ఎన్నికలో గెలిచినవారికి మరియొక విశేషము కలదు. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడగా, 1957లో తెలంగాణమునందు మాత్రమే శాసనసభ ఎన్నికలు జరిగినవి. ఆంధ్ర ప్రాంతపు సభ్యులు 1962 వరకు కొనసాగిరి. రెండేండ్లకు పైగా ముందుగా ముగిసిన సభకు బదులు వచ్చిన సభ ఏడేండ్లు నడిచినది.

తుది దినములు

పదవి లేకున్నను ప్రకాశముగారు ఇంటిపట్టున ఉండలేదు. ఎనుబదినాలుగేండ్ల వయస్సున ఒంగోలు ప్రాంతములో ఎండలో పర్యటించుచుండగా వడదెబ్బ తగిలెను. హైదరాబాదులో ఆసుపత్రిలో చేర్చిరి. 1957 మే 20వ తేదీన ఆయన తనువు చాలించిరి. లక్షలు గడించిన బారిష్టరు, రెండు రాష్ట్రములను ఏలిన ముఖ్యమంత్రి, మరణించునాటికి ఆస్తి యనదగినది మిగుల్చుకొనలేదు. ఆయన ఆత్మకథ నా జీవితయాత్ర. దాని తుది భాగమును తెన్నేటి విశ్వనాథముగారు పూర్తిచేసిరి. 1970లో ఏర్పడిన ఒంగోలు జిల్లాకు 1972లో ప్రకాశము జిల్లా అని పేరు పెట్టిరి.

ఆయన కూలినది మొండితనము చేతనా, ధర్మము చేతనా? నిపుణుల సలహా కోరి దానిని పాటింపకపోవుట పాలకునికి తగునా అని అడుగువారికి జవాబు చెప్పుట కష్టము. గీతపనివానికి బ్రతుకుతెరువు చూపకయే నిషేధమును నిలుపుట ఆ విధానములోని లోపమే. కాని ఆయన వదలని ప్రశ్న ఆయనతో పోలేదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో స్త్రీలు సారా దుకాణములపై తిరుగబడిరి. 1993లో సారా నిషిద్ధమయ్యెను. 1995 జనవరిలో ఎన్.టి. రామారావుగారి ప్రభుత్వము సంపూర్ణ మద్యనిషేధమును తెచ్చెను. 1997లో అది సడలిపోయెను. అప్పుడును వాదములు అవియే: బొక్కసము ఒకవైపు, ఇల్లాలి కన్నీరు ఒకవైపు, నడుమ అమలు జరుగని చట్టము.

ప్రభుత్వములు పడుట, లేచుట ప్రజాపాలనలో సహజము. పడిన ప్రభుత్వము దేనిపై పడినదో ప్రజలు మరచినచో ఎన్నిక ఒక లెక్కగా మాత్రమే మిగులును. ఒక్క ఓటు తేడాతో పదవి కోల్పోయిన ఆ వృద్ధుడు తన పక్షమును నిలుపుకొనలేకపోయెను. తన పట్టును మాత్రము వదలలేదు. ఆయన చేసినది ఒప్పా తప్పా అని నిర్ణయించుటకు ముందు, ఆ ప్రశ్నకు ఏడు దశాబ్దముల తరువాత కూడ మనకు తృప్తికరమైన సమాధానము దొరకలేదని గుర్తుంచుకొనుట న్యాయము.